గిటార్ యాంప్‌కి స్ప్రింగ్ రివర్బ్ పెట్టె ఇంట్లోనే ఎలా కట్టుకోవాలి

రివర్బ్ (స్వరం ఆగాక కూడా కాసేపు నిలిచే మోత) లేని చిన్న యాంప్‌లో గిటార్ వాయిస్తే స్వరం అక్కడికక్కడే ఆగిపోతుంది. పెద్ద హాల్లో అయితే గోడలు ఆ స్వరాన్ని కాసేపు నిలబెడతాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో మంచం, బీరువా, కర్టెన్ల మధ్య కూర్చుని వాయించేవాళ్లకి ఆ అదృష్టం లేదు. డిజిటల్ పెడల్ కొనుక్కుంటే ఆ లోటు తీరుతుంది, నిజమే. కానీ స్ప్రింగ్‌లోంచి వచ్చే మోతలో ఒక తడి ఉంటుంది, తీగ మీటగానే ‘టుయ్’మనే ఒక మొదలు ఉంటుంది. ఒకే స్వరంలోని వేర్వేరు ఫ్రీక్వెన్సీలు స్ప్రింగ్ వెంట వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తాయి కాబట్టి ఆ శబ్దం పుడుతుంది. అది చేతులారా కట్టుకుంటే దొరికే తృప్తి వేరు. పైగా ఇది కష్టమైన పని కాదు. సోల్డరింగ్ కాస్త అలవాటుంటే చాలు.

ముందే ఒక మాట. సర్క్యూట్ తేలిక. ఈ పెట్టె బాగుందా లేదా అన్నది రెండు విషయాల మీదే ఆధారపడుతుంది: స్ప్రింగ్‌ని సరిగ్గా నడిపించడం, హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం) రాకుండా ట్యాంక్‌ని, అంటే స్ప్రింగ్‌లుండే రేకు పెట్టెని, సరైన చోట పెట్టడం. అందుకే ఆ రెండింటి దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

పనిచేసే తీరు

ట్యాంక్ అంటే ఒక రేకు పెట్టె. అందులో రెండు మూడు సన్నని స్ప్రింగ్‌లు వేలాడుతుంటాయి. ఒక చివర చిన్న కాయిల్, దాని గ్యాప్‌లో స్ప్రింగ్‌కి అతికించిన బుల్లి అయస్కాంతం. గిటార్ సిగ్నల్ కాయిల్‌లోకి వెళితే అయస్కాంతం అటూ ఇటూ మెలితిరుగుతుంది, ఆ కదలిక స్ప్రింగ్ వెంట పోతుంది. అవతలి చివర ఇంకో అయస్కాంతం, ఇంకో కాయిల్ దాన్ని తిరిగి కరెంటుగా మారుస్తాయి. ఒక చివరి నుంచి రెండో చివరికి చేరడానికి సుమారు 30 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడితో ఆగదు, తిరిగి వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది. స్ప్రింగ్‌ల ఆలస్యాలు ఒకదానితో ఒకటి కలవకుండా వేర్వేరుగా పెడతారు కాబట్టి విడివిడి ప్రతిధ్వనులు కాకుండా ఒక మోతలా వినిపిస్తుంది.

ఈ ఆలోచన మొదట టెలిఫోన్ వాళ్లది. దూరపు లైన్లలో వచ్చే ఆలస్యాన్ని ప్రయోగశాలలో తెప్పించడానికి అమెరికాలో బెల్ ల్యాబ్స్ స్ప్రింగ్‌లు వాడింది. లారెన్స్ హామండ్ దాన్ని తన ఆర్గన్‌లలోకి తెచ్చాడు. 1961లో ఫెండర్ సంస్థ గిటార్ కోసం విడి పెట్టెగా అమ్మింది, 1963లో యాంప్ లోపలే పెట్టింది. మనం కట్టేది ఆ 1961 నాటి పద్ధతే: గిటార్‌కీ యాంప్‌కీ మధ్య కూర్చునే విడి పెట్టె. దీనివల్ల పెద్ద లాభం, యాంప్ విప్పక్కర్లేదు. వాల్వ్ యాంప్ (గాజు ట్యూబులతో నడిచేది) లోపల ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది. అనుభవం లేనివాళ్లు అందులో చెయ్యి పెట్టకూడదు.

ట్యాంక్ ఎంచుకోవడం

ట్యాంక్ మాత్రం రెడీమేడ్ కొనండి. ఆ కాయిళ్లు, వెంట్రుకంత వైర్లు ఇంట్లో చేయడం చాలా కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే. ట్యాంక్‌లు చేసే అక్యుట్రానిక్స్ సంస్థ పద్ధతిలో ప్రతి ట్యాంక్‌కీ ఒక కోడ్ ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకోకుండా డబ్బు కట్టొద్దు.

మన సర్క్యూట్‌కి కావలసింది 8ఈబీ2సీ1బీ. మొదటి 8 అంటే తొమ్మిదింపావు అంగుళాల పొట్టి ట్యాంక్, మూడు స్ప్రింగ్‌లు. తర్వాతి ‘ఈ’ అంటే ఇన్‌పుట్ కాయిల్ ఇంపీడెన్స్ (సిగ్నల్ కరెంటుకి కాయిల్ ఇచ్చే అడ్డు) 1 కిలోహెర్ట్జ్ దగ్గర 800 ఓమ్‌లు. ‘బీ’ అంటే అవుట్‌పుట్ సుమారు 2,600 ఓమ్‌లు. 2 అంటే మోత మధ్యస్థంగా నిలుస్తుంది. తర్వాత వచ్చే ‘సీ’ చాలా ముఖ్యం: ఇన్‌పుట్ సాకెట్ రేకు పెట్టెకి తగలకుండా విడిగా ఉంటుంది, అవుట్‌పుట్ మాత్రం పెట్టెకి గ్రౌండ్ అయి ఉంటుంది. మన డ్రైవర్ (స్ప్రింగ్‌ని నడిపే సర్క్యూట్ భాగం) పనిచేయాలంటే ఈ ఏర్పాటు తప్పనిసరి. 1 అంటే స్ప్రింగ్‌లకి లాక్ లేదని. చివరి ‘బీ’ అంటే ట్యాంక్‌ని అడ్డంగా, తెరిచిన వైపు కిందికి వచ్చేలా బిగించాలని. పొడుగు ట్యాంక్ కావాలంటే 4తో మొదలయ్యేదాంట్లో మిగతా అక్షరాలు ఇవే ఉన్నది తీసుకోండి. దాని పొడవు పదహారుముప్పావు అంగుళాలు, మోత ఇంకా నిండుగా ఉంటుంది. చోటుంటే నేను పొడుగుదే తీసుకోమంటాను.

కోడ్‌లో మొదటి అంకె తర్వాత ‘ఈ’ బదులు ‘ఏ’ ఉన్న ట్యాంక్ తక్కువకి దొరికినా తీసుకోకండి. అది 8 ఓమ్‌ల కాయిల్, వాల్వ్, ట్రాన్స్‌ఫార్మర్లతో నడపడానికి చేసింది. దానికి 28 మిల్లీఆంప్‌ల దాకా కరెంటు కావాలి. ‘ఈ’ రకానికి 3 మిల్లీఆంప్‌లు చాలు, చిన్న ఆప్-ఆంప్ చిప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) హాయిగా ఇస్తుంది.

ట్యాంక్ చేతికి రాగానే మల్టీమీటర్‌తో కొలవండి. ఇన్‌పుట్ దగ్గర సుమారు 60 ఓమ్‌లు, అవుట్‌పుట్ దగ్గర సుమారు 200 ఓమ్‌లు చూపించాలి. రీడింగ్ అసలు రాకపోతే లోపల వైరు తెగినట్టే, వెంటనే వాపసు పంపండి. ఇన్‌పుట్ సాకెట్ బయటి రింగుకీ రేకు పెట్టెకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు, అదీ చూడండి.

కోఠిలో కొనాల్సినవి

మిగతావన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అక్కడి షాపుల్లో రద్దీ వేళ నిలబడి ఆలోచించే వీలుండదు, అందుకే చీటీ రాసుకుని వెళ్లండి. చిన్న కెపాసిటర్లని నంబరుతో అడగాలి: 0.1 మైక్రోఫారడ్ అంటే ‘వన్ నాట్ ఫోర్’, 10 నానోఫారడ్ అంటే ‘వన్ నాట్ త్రీ’. సిగ్నల్ పోయే దారిలో సిరామిక్ డిస్క్ బదులు మైలార్ కానీ బాక్స్ రకం కానీ అడగండి.

చీటీలో ఇవి రాసుకోండి: ఆప్-ఆంప్ చిప్‌లు టీఎల్072 ఒకటి, ఎన్ఈ5532 ఒకటి, చెరో అదనపు చిప్, 8 పిన్‌ల ఐసీ బేస్‌లు రెండు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 500 మిల్లీఆంప్‌లది. 1ఎన్4007 డయోడ్లు నాలుగు, 7812, 7912 రెగ్యులేటర్లు, 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్లు రెండు, 10 మైక్రోఫారడ్‌వి రెండు, ‘వన్ నాట్ ఫోర్’ ఒక డజను. 50కే పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) ఒకటి, 10కే పాట్ ఒకటి. క్వార్టర్ ఇంచ్ మోనో జాక్‌లు రెండు, ఆర్‌సీఏ లీడ్లు రెండు, డాట్ బోర్డు, షీల్డ్ వైరు, 250 మిల్లీఆంప్‌ల ఫ్యూజ్ హోల్డర్‌తో సహా, ఎర్త్ పిన్ ఉన్న మూడు పిన్నుల మెయిన్స్ కార్డు, స్విచ్. రెసిస్టర్లు క్వార్టర్ వాట్ మెటల్ ఫిల్మ్‌వి తీసుకోండి, సిగ్నల్ తక్కువగా ఉండేచోట హిస్ (‘స్‌స్’మనే శబ్దం) తగ్గుతుంది. వాటి విలువలు, మిగతా చిన్న కెపాసిటర్ల విలువలు కింద సర్క్యూట్‌లో చెబుతాను, వాటినీ చీటీలో చేర్చుకోండి.

పెట్టెకి ప్లైవుడ్ బాగుంటుంది. సర్క్యూట్ కూర్చునే చాసిస్‌కి ఒక వంచిన రేకు కావాలి. స్క్రూలు, రబ్బరు గ్రొమెట్‌లు రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. రేకు కొలత ప్రకారం వంచి కావాలంటే బాలానగర్‌లో షీట్ మెటల్ పని చేసేవాళ్లని అడగండి.

పవర్ సప్లై

ఇక్కడ 230 వోల్టులతో పని కాబట్టి తొందర వద్దు. ఫేజ్ వైరు ముందు ఫ్యూజ్‌కి, తర్వాత స్విచ్‌కి, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌కి. ఎర్త్ వైరు నేరుగా చాసిస్ రేకుకి, దానికి విడిగా ఒక స్క్రూ. 230 వోల్టుల ప్రతి జాయింటు మీదా స్లీవ్ వేయండి. సెకండరీ రెండు చివర్లు నాలుగు డయోడ్ల బ్రిడ్జ్‌కి, మధ్య వైరు గ్రౌండ్‌కి. ప్లస్ వైపు 1000 మైక్రోఫారడ్ తర్వాత 7812, మైనస్ వైపు 1000 మైక్రోఫారడ్ తర్వాత 7912. రెండింటి అవుట్‌పుట్ దగ్గరా ఒక 10 మైక్రోఫారడ్, ఒక ‘వన్ నాట్ ఫోర్’.

7812, 7912 చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ పిన్‌లు వేరు. అంకెలు మీ వైపు ఉంచి ఎడమ నుంచి చూస్తే 7812లో ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. 7912 వెనక లోహపు ట్యాబ్ ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుంది, అది చాసిస్‌కి తగలకూడదు.

చిప్‌లు పెట్టకుండా ఆన్ చేసి ఐసీ బేస్‌లలో 8వ పిన్ దగ్గర ప్లస్ 12, 4వ పిన్ దగ్గర మైనస్ 12 వస్తున్నాయో లేదో కొలవండి. వచ్చాకే ముందుకు పోదాం.

సర్క్యూట్

నాలుగు ఆప్-ఆంప్‌లు, ఒక్కోదానికి ఒక్కో పని. టీఎల్072లో ఒక సగం ఇన్‌పుట్ బఫర్, రెండో సగం మిక్సర్. ఎన్ఈ5532లో ఒక సగం స్ప్రింగ్‌ని నడిపే డ్రైవర్, రెండో సగం స్ప్రింగ్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే రికవరీ. ప్రతి చిప్ పవర్ పిన్‌ల పక్కనే ఒక్కో ‘వన్ నాట్ ఫోర్’ గ్రౌండ్‌కి వేయండి.

బఫర్ సులువు. జాక్ నుంచి 22 నానోఫారడ్, తర్వాత ప్లస్ ఇన్‌పుట్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 1 మెగాఓమ్. అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి నేరుగా కలపండి. ఇక్కడి నుంచి సిగ్నల్ రెండు దారుల్లో పోతుంది: ఒకటి నేరుగా మిక్సర్‌కి, ఒకటి స్ప్రింగ్‌కి.

స్ప్రింగ్ దారిలో మొదట 10 నానోఫారడ్, తర్వాత 50కే పాట్. ఈ పాట్‌ని డ్వెల్ అంటారు, స్ప్రింగ్‌ని ఎంత గట్టిగా కదిలించాలో ఇది నిర్ణయిస్తుంది. ఆ కెపాసిటర్, పాట్ కలిసి సుమారు 320 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌ని తగ్గిస్తాయి. దీన్ని వదిలేయాలనిపిస్తుంది, వదలొద్దు. లావు తీగల బేస్ మొత్తం స్ప్రింగ్‌లోకి పంపితే మోత బురదగా మారి స్వరాలు కలిసిపోతాయి.

ఇక డ్రైవర్. ట్యాంక్ ఇన్‌పుట్ ఒక కాయిల్ కాబట్టి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని ఇంపీడెన్స్ పెరుగుతుంది. మామూలుగా వోల్టేజీతో నడిపితే పై స్వరాల దగ్గర కరెంటు తగ్గిపోతుంది, మోత మొద్దుబారుతుంది. అయస్కాంతాన్ని తిప్పేది కరెంటు. అందుకని కరెంటునే అదుపులో పెట్టాలి. పద్ధతి ఇది: పాట్ మధ్య కాలు ఆప్-ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కి. అవుట్‌పుట్ నుంచి ట్యాంక్ ఇన్‌పుట్ ఆర్‌సీఏ లోపలి పిన్‌కి. ఆర్‌సీఏ బయటి రింగు నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి. మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 47 ఓమ్‌లు. అంటే కాయిల్ ఫీడ్‌బ్యాక్ దారిలోనే కూర్చుంటుంది. ఇన్‌పుట్ వోల్టేజీని 47తో భాగిస్తే వచ్చేదే కాయిల్‌లో పారే కరెంటు, కాయిల్ ఇంపీడెన్స్ ఎంతైనా సరే. గిటార్ నుంచి 0.15 వోల్టులు వస్తే సరిగ్గా 3 మిల్లీఆంప్‌ల చుట్టూ ఉంటాం. కాయిల్‌కి సమాంతరంగా 4.7కే రెసిస్టర్ వేయండి. అది లేకపోతే పై ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) హద్దులేకుండా పెరిగి చిప్ ఆసిలేట్ అయ్యే, అంటే తనంతట తానే మోగే, ప్రమాదం ఉంది. ఈ ఆర్‌సీఏ బయటి రింగు గ్రౌండ్ కాదు, ఎక్కడా చాసిస్‌కి తగలనివ్వొద్దు. ‘సీ’ రకం ట్యాంక్ అడిగింది ఇందుకే.

రికవరీ దగ్గర ట్యాంక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని ప్లస్ ఇన్‌పుట్‌కి నేరుగా ఇవ్వండి, రింగు గ్రౌండ్‌కి. అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 100కే, మైనస్ ఇన్‌పుట్ నుంచి 1కే, దానికి సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ బాక్స్ కెపాసిటర్, తర్వాత గ్రౌండ్. సుమారు వంద రెట్ల గెయిన్ వస్తుంది. ఆ 1 మైక్రోఫారడ్ 160 హెర్ట్జ్ కింద గెయిన్‌ని తగ్గిస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్ హమ్‌కి అక్కడే కొంత కళ్లెం పడుతుంది. 100కే మీద 220 పికోఫారడ్ పెడితే పైన హిస్ తగ్గుతుంది. స్ప్రింగ్ ఎలాగూ 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ ఇవ్వదు.

రికవరీ అవుట్‌పుట్ నుంచి 1 మైక్రోఫారడ్ ద్వారా 10కే పాట్‌కి, ఇది మిక్స్. దాని మధ్య కాలు నుంచి 22కే ద్వారా మిక్సర్ మైనస్ ఇన్‌పుట్‌కి. బఫర్ నుంచి నేరుగా వచ్చే సిగ్నల్ 47కే ద్వారా అదే చోటికి. మిక్సర్ అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి ఇంకో 47కే, ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి. అవుట్‌పుట్‌లో 100 ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్, తర్వాత జాక్, జాక్ దగ్గర గ్రౌండ్‌కి 100కే. అంతే.

ఒక్కో భాగం పరీక్షించండి

అన్నీ సోల్డర్ చేశాక ఒకేసారి ఆన్ చేయకుండా వెనక నుంచి ముందుకి రండి. యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, ట్యాంక్ అవుట్‌పుట్ లీడ్ మాత్రమే కలపండి. మిక్స్ పెంచి, రేకు పెట్టెని వేలితో సుతారంగా తట్టండి. యాంప్‌లో ఉరుములాంటి మోత వస్తే రికవరీ, మిక్సర్ బాగున్నట్టే. తర్వాత గిటార్ కలిపి, మిక్స్ సున్నాకి తెచ్చి మామూలు శబ్దం శుభ్రంగా పోతోందో లేదో వినండి. చివరగా ఇన్‌పుట్ లీడ్ కలిపి డ్వెల్ పెంచండి. రికవరీ పనిచేస్తూ ఇప్పుడు మోత రాకపోతే లోపం డ్రైవర్ దగ్గరే, చాలాసార్లు ఆర్‌సీఏ రింగు ఎక్కడో గ్రౌండ్‌కి తగులుతూ ఉంటుంది.

హమ్

ఓపిక పట్టాల్సింది ఇక్కడే. ట్యాంక్ అవుట్‌పుట్ కాయిల్ గిటార్ పికప్ లాంటిదే, చుట్టుపక్కల ఉన్న అయస్కాంత క్షేత్రాన్నంతా పట్టేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అదే పెట్టెలో ఉంది. కాబట్టి ట్యాంక్ ఇన్‌పుట్ చివర ట్రాన్స్‌ఫార్మర్ వైపు, అవుట్‌పుట్ చివర దానికి వీలైనంత దూరంగా ఉండాలి. పెట్టెలో దేన్నీ స్క్రూలతో బిగించకముందే ఆన్ చేసి, మిక్స్ పూర్తిగా పెంచి, ట్రాన్స్‌ఫార్మర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి. ఒకచోట హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడ గుర్తు పెట్టుకుని బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని పెట్టెలోంచి పూర్తిగా తీసేసి, విడిగా ఇన్సులేటెడ్ డబ్బాలో పెట్టి మూడు వైర్లతో 12-0-12ని తెచ్చుకుంటే ఇంకా మంచిది. చోటు ఉన్నవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. అప్పుడూ ఎర్త్ వైరు మాత్రం చాసిస్ దాకా రావాలి.

హమ్ ఎక్కడిదో చెవితోనే తేల్చుకోవచ్చు. ట్యాంక్ అవుట్‌పుట్ లీడ్ రెండు కొసలూ షార్ట్ చేసి వినండి. హమ్ పోతే అది ట్యాంక్ పట్టుకున్నది, చోటు మార్చాలి. పోకపోతే సర్క్యూట్‌లోదే. ‘ఊఁ’ అనే లోతైన 50 హెర్ట్జ్ అయితే గ్రౌండ్ లూప్ అనుమానించండి: అన్ని గ్రౌండ్ వైర్లూ పవర్ సప్లై దగ్గర ఒకేచోట కలవాలి, జాక్‌ల దగ్గర చాసిస్‌కి విడివిడిగా తగలకూడదు. ‘జ్‌జ్’మనే 100 హెర్ట్జ్ అయితే ఫిల్టర్ కెపాసిటర్లు, రెగ్యులేటర్లు చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన ఉన్నప్పుడు కొత్త గుర్రు మొదలైతే మీ పెట్టెని అనుమానించకండి, ముందు ఆ ఫ్యాన్ ఆపి చూడండి.

ట్యాంక్‌ని పెట్టె అడుగుకి నేరుగా బిగించొద్దు. నాలుగు మూలలా మెత్తని రబ్బరు గ్రొమెట్‌లు పెట్టి, స్క్రూలు వదులుగా ఉంచండి. స్పీకర్ ఉన్న యాంప్ మీద ఈ పెట్టె పెడితే స్పీకర్ అదురు స్ప్రింగ్‌లోకి ఎక్కి ఊళ పుడుతుంది. నేల మీద, యాంప్‌కి పక్కగా పెట్టండి.

ట్యాంక్ కూడా చేత్తోనే చేస్తామనేవాళ్లకి

చేయొచ్చు, శబ్దం వేరేగా ఉంటుంది. పెన్ను స్ప్రింగ్‌లు పనికిరావు, అవి పొట్టివి, గట్టివి, నొక్కడానికి చేసినవి. సన్నని వైరుతో చుట్టిన, లాగితే మెత్తగా సాగే టెన్షన్ స్ప్రింగ్‌లు కావాలి. పొడవులు వేరుగా ఉన్నవి రెండు తీసుకోండి. రెండంగుళాల 8 ఓమ్‌ల స్పీకర్ కోన్ మధ్యలో చిన్న కొక్కెం అతికించి స్ప్రింగ్‌లు తగిలించండి. అవతలి చివర్లు ఒక పల్చని రేకు ముక్కకి, దాని వెనక 27 మిల్లీమీటర్ల పీజో డిస్క్. ఈ స్పీకర్‌కి పై డ్రైవర్ సరిపోదు, ఎల్ఎం386తో 9 వోల్టుల మీద నడిచే చిన్న యాంప్ బోర్డు పెట్టాలి. పీజోకి 4.7 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న టీఎల్072 బఫర్ కావాలి. మోత గరగరగా, లోహంలా వస్తుంది. నెమ్మదైన వాయింపుకి అది బాగా నప్పుతుంది, వేగంగా వాయించేవాళ్లకి నచ్చకపోవచ్చు.

వాయించేటప్పుడు

ఓవర్‌డ్రైవ్, ఫజ్ పెడల్స్ ఉంటే ఈ పెట్టె వాటి తర్వాత రావాలి. ముందు పెడితే మోత మొత్తం నలిగి ముద్దవుతుంది. డిస్టార్షన్ యాంప్‌లోనే ఉంటే దాని ఎఫెక్ట్స్ లూప్‌లో (డిస్టార్షన్ తర్వాత ఎఫెక్ట్‌లు కలపడానికి యాంప్ వెనక ఉండే జాక్‌ల మధ్య) పెట్టండి, అక్కడ సిగ్నల్ ఎక్కువ కాబట్టి డ్వెల్ బాగా తగ్గించాలి. మొదట డ్వెల్ సగం, మిక్స్ పావు పెట్టి మొదలుపెట్టండి. మోతలో మాత్రమే చిరుగు వినిపిస్తే డ్వెల్ ఎక్కువైంది. ఆ ‘టుయ్’ శబ్దం ఎక్కువ కావాలంటే డ్వెల్ పెంచి మిక్స్ తగ్గించి, బ్రిడ్జ్ దగ్గర అరచేత్తో తీగల్ని కొంచెం నొక్కి చిన్న చిన్నగా మీటండి. ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు పెట్టెని ట్యాంక్ అడ్డంగా ఉండేలా, తెరిచిన వైపు కిందికే ఉంచి పట్టుకెళ్లండి. ఆటోలో అయితే నేల మీద కాకుండా ఒళ్లో పెట్టుకోండి, గతుకులకి ఆ వెంట్రుకంత వైర్లు తెగిపోతాయి.